ఇల్లు మారినా చుట్టరికం నిలవాలి

మన ప్రాంతపు తపాలా చరిత్రలో నేటి విద్యార్థులు తెలుసుకోదగిన విషయం ఒకటి ఉన్నది. నిజాం సంస్థానం 1869లో తన స్వంత తపాలా బిళ్ళలను ప్రవేశపెట్టింది. తరువాత వెలువడిన కొన్ని బిళ్ళల మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఆంగ్లం అనే నాలుగు భాషల లిపులు కనిపిస్తాయి. అయినా ఆ బిళ్ళ సంస్థానపు ఎల్లల లోపలనే చెల్లేది. ఎల్ల దాటి మద్రాసుకో, బొంబాయికో పోవలసిన ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావలసి వచ్చేది. నాలుగు లిపులు ఉండికూడ ఆ బిళ్ళ పొలిమేర దాటలేకపోయింది. దాటాలంటే కావలసినది ఇరు తపాలా శాఖల నడుమ ఒక ఒడంబడిక. అటువంటి ఒడంబడికనే 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పలు దేశాల ప్రతినిధులు కుదుర్చుకున్నారు. ఒక దేశపు బిళ్ళతో బయలుదేరిన ఉత్తరాన్ని మరొక దేశపు తపాలా జవాను ఇంటికి చేర్చే ఏర్పాటు దానివలన స్థిరపడింది. దేశాలు ఒకటి కాలేదు. తపాలా శాఖలూ ఒకటి కాలేదు. నియమం మాత్రం ఒకటి అయింది.

నేడు మనం నిత్యం ఉపయోగించే సామాజిక మాధ్యమాలను ఈ దృష్టితో పరిశీలిస్తే, అవి ఇంకా 1869 నాటి స్థితిలోనే ఉన్నవని చెప్పక తప్పదు. ఫేస్‌బుక్‌లో ఉన్నవాడు ఎక్స్‌లో ఉన్నవానికి అక్కడినుండే ఒక్క మాట పంపలేడు. ఈ-మెయిల్ విషయంలో ఇట్టి నిర్బంధం లేదు. ఒక సంస్థ ఇచ్చిన చిరునామానుండి మరొక సంస్థ ఇచ్చిన చిరునామాకు ఉత్తరం చేరుతున్నది. దానికి కారణం, 1982లో ఎస్.ఎం.టి.పి. అనే పేరుతో ప్రకటితమైన ఉమ్మడి నియమావళి. రెండు కంప్యూటర్లు పరస్పరం ఏ క్రమంలో, ఏ రూపంలో మాట్లాడుకోవాలో నిర్ణయించే ఇట్టి నియమావళినే ప్రోటోకాల్ అంటున్నారు.

ఇది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయమనీ, సామాన్యునికి దీనితో ప్రమేయం లేదనీ కొందరు భావించవచ్చును. ఆర్కుట్ కథను జ్ఞాపకం చేసుకుంటే ఆ భావన నిలవదు. 2004లో ప్రారంభమై, మన దేశంలో లక్షలాది యువతీయువకులను ఆకర్షించిన ఆ మాధ్యమాన్ని దాని యజమాని అయిన గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. ఫోటోలను, వ్రాతలను దింపుకొనడానికి గడువు ఇచ్చారు. కాని స్నేహాల అల్లికను మరొక చోటికి మోసికొనిపోయి, అక్కడ యథాతథంగా కొనసాగించే మార్గం లేకపోయింది. గూగుల్ ప్లస్ 2019లో, మన దేశంలోనే పుట్టి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో నడిచిన కూ 2024లో ఇదే దారి పట్టినవి. ఇల్లు కూలితే సామాను దక్కింది, చుట్టరికం దక్కలేదు. సామాజిక మాధ్యమంలో విలువైనది సామాను కాదుగదా!

ఈ లోపాన్ని సవరించాలనే సంకల్పం నుండి పుట్టినవే వికేంద్రీకృత సామాజిక మాధ్యమాలు. ఇక్కడ ఒక్క యజమాని ఉండడు. అనేక సర్వర్లు ఉంటాయి. ఉమ్మడి నియమం వాటిని కలుపుతుంది. అయితే ఈ నియమం నేడు ఒక్కటిగా లేదు. ప్రధానంగా మూడు నియమావళులు పోటీ పడుతున్నవి. మనిషి పేరు ఎవరి వద్ద ఉండాలి అన్న ప్రశ్నకు ఆ మూడూ మూడు వేర్వేరు సమాధానాలు చెప్పుతున్నవి.

మొదటిది యాక్టివిటీపబ్. వరల్డ్ వైడ్ వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి దీనిని 2018 జనవరిలో ఆమోదించింది. జర్మనీకి చెందిన యూజెన్ రాచ్కో 2016లో ప్రారంభించిన మాస్టొడాన్ దీనిని అనుసరించే మాధ్యమాలలో ముఖ్యమైనది. ఇందులో మనిషి పేరు ఈ-మెయిల్ చిరునామా వలె ఉంటుంది: ముందు మనిషి పేరు, వెనుక ఊరి పేరు. ఇక్కడ ఊరంటే సర్వర్ అని అర్థం. ఏ ఊరివాడైనా ఏ ఊరివానినైనా పలుకరించవచ్చును. ఊరు మారదలచినవాడు తన అనుచరులను వెంట తీసుకొనిపోవచ్చును. పాత వ్రాతలు మాత్రం పాత ఊరిలోనే మిగిలిపోతాయి. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఈ తరలింపు జరగాలంటే పాత సర్వర్ బ్రతికి ఉండాలి. అది చెప్పాపెట్టకుండా మూతపడితే కొత్త చిరునామాను చాటేవారు ఉండరు.

రెండవది ఎ.టి. ప్రోటోకాల్. ట్విట్టర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ 2019 డిసెంబరులో ప్రకటించిన ఒక ప్రయత్నం నుండి ఇది రూపొందింది. బ్లూస్కై దీనిమీద నడుస్తున్నది. ఇందులో మనిషి గుర్తింపు సర్వర్‌కు కట్టుబడి ఉండదు. వ్రాతలు, పరిచయాలు ఒక గిడ్డంగిలో ఉంటాయి. ఆ గిడ్డంగిని మార్చుకున్నా మనిషి ఆ మనిషిగానే నిలుస్తాడు, వ్రాతలూ వెంట వస్తాయి. సిద్ధాంతరీత్యా ఇది మొదటిదానికంటె మెరుగైన సమాధానమే. కాని ఎల్లరి వ్రాతలను ఒకచోట పోగుచేసి చూపే యంత్రాంగం నడపడం వ్యయంతో కూడిన పని. అందువలన ఆచరణలో అత్యధికుల ఖాతాలూ, ఆ యంత్రాంగంలో ముఖ్యభాగమూ ఒక్క కంపెనీ చేతిలోనే ఉన్నవి. తలుపుకు గడియ లేదు, నిజమే. అయినా ఇంటిలోని వారిలో ఎక్కువమంది ఇంకా గడప దాటలేదు.

మూడవది 2020లో వెలువడిన నోస్టర్. ఇందులో పేరు ఏ సర్వర్‌దీ కాదు, ఏ కంపెనీదీ కాదు. రెండు తాళపు చెవుల వంటి సంకేతాలే మనిషి గుర్తింపు. ఒకటి లోకానికి చూపేది. రెండవది రహస్యంగా దాచుకునేది. రహస్య సంకేతంతో సంతకం చేసిన మాటను రిలేలు అనే మధ్యవర్తి సర్వర్లు చేరవేస్తాయి. ఒక రిలే నిరాకరిస్తే మరొకటి ఉంటుంది. ఎవరూ మనిషి పేరును లాగుకొనలేరు. అయితే ఈ స్వేచ్ఛకు కట్టవలసిన మూల్యం తక్కువది కాదు. రహస్య సంకేతం పోగొట్టుకున్నవానికి కొత్త పాస్‌వర్డ్ ఇప్పించే కార్యాలయం ఎక్కడా లేదు. అది దొంగ చేతిలో పడితే దొంగయే ఆ మనిషి అవుతాడు.

మూడింటిలో ఏది శ్రేష్ఠం అని విద్యార్థులు అడుగవచ్చును. ఏదో ఒకటి మిగిలినవాటిని జయించి లోకమంతటికి ఏకైక నియమం కావలెనని కోరుకోవడం సరికాదని నా అభిప్రాయం. మనం చేతపట్టుకున్న ఈ వార్షిక సంచికనే చూడండి. ఉర్దూ విభాగం కుడి వైపు నుండి, తెలుగు విభాగం ఎడమ వైపు నుండి తెరుచుకుంటాయి. ఏ భాషా తన లిపిని గాని, తన దిశను గాని వదులుకోలేదు. నడుమ ఉన్న ఒక కుట్టు రెండింటిని ఒకే గ్రంథంగా పట్టి ఉంచుతున్నది. ప్రోటోకాల్‌ల మధ్యకూడ కావలసినది ఇట్టి కుట్టే. బ్రిడ్జీ ఫెడ్ అనే సాధనం ఆ పనికే పూనుకున్నది. మాస్టొడాన్‌లోని మాటను బ్లూస్కైకి, బ్లూస్కైలోని మాటను మాస్టొడాన్‌కు అది చేరవేస్తుంది.

అయితే 2024 ఫిబ్రవరిలో ఈ వంతెన విషయమై తీవ్రమైన వివాదం చెలరేగింది. మమ్ములను అడుగకుండ మా మాటలను మరొక వాడకు ఎట్లా తీసుకొనిపోతారని మాస్టొడాన్ వినియోగదారులు పలువురు ఆక్షేపించారు. నిర్మాత వెనుకకు తగ్గి, కోరుకున్నవారి మాటలను మాత్రమే చేరవేసే పద్ధతిని అనుసరించాడు. ఈ వివాదాన్ని చాదస్తమని కొట్టివేయరాదు. కలుపుట మంచిదే, కాని కలుపబడేవారి అంగీకారం దానికి పునాది కావాలి. అల్పసంఖ్యాకులకు, తమ మాటలకు తరచు వక్రభాష్యాలు ఎదుర్కొనేవారికి ఈ అంగీకారం ఎంత విలువైనదో వేరుగా చెప్పనవసరం లేదు.

తలుపు తెరిచి ఉన్నదన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండరాదని కూడ చరిత్ర హెచ్చరిస్తున్నది. 1999లో ప్రారంభమైన జాబర్ అనే సందేశ పద్ధతి తరువాత ఎక్స్.ఎం.పి.పి. అనే బహిరంగ నియమావళి అయింది. 2005లో వచ్చిన గూగుల్ టాక్ దానిని స్వీకరించి, 2006లో ఇతర సర్వర్లకు తలుపు తెరిచింది. బయటివారు సంతోషించారు. 2013లో హ్యాంగవుట్స్ అనే కొత్త సాధనాన్ని తెచ్చినప్పుడు ఆ తలుపును గూగుల్ అందులో పెట్టలేదు. ఎక్కువమంది స్నేహితులు లోపలి వైపున ఉండిపోగా, బయటివారు ఒంటరివారయ్యారు. ఈ అనుభవం ఉన్నందువలననే, మెటా కంపెనీ 2023 జూలైలో త్రెడ్స్‌ను ప్రారంభించి యాక్టివిటీపబ్‌తో కలుస్తామని చెప్పినప్పుడు, పలు మాస్టొడాన్ సర్వర్ల నిర్వాహకులు తమ వైపునుండి తలుపు వేసుకుంటామని ముందుగానే ప్రకటించారు. 2024 మార్చిలో త్రెడ్స్ కొన్ని దేశాలలో ఆ కలయికకు శ్రీకారం చుట్టింది. దానిని స్వాగతించవచ్చును, దానిమీదనే ఆధారపడరాదు. పెద్దవాడు తెరిచిన తలుపును పెద్దవాడే మూయగలడు.

వికేంద్రీకరణ అంటే బాధ్యతలేని స్వేచ్ఛ అని భ్రమపడరాదు. 2019లో ఒక సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, నిరసనగా భారతీయులు అనేకులు మాస్టొడాన్‌కు తరలినారు. ఆ ఉత్సాహం ఎక్కువకాలం నిలవలేదు. అక్కడ స్నేహితులు తక్కువ. ఏ సర్వర్‌లో చేరాలో తెలియని తికమక ఎక్కువ. ఇంకొక ఉదాహరణ చూడండి. ఐరోపా సమాఖ్యలో వ్యక్తిగత సమాచార రక్షణను పర్యవేక్షించే అధికారి కార్యాలయం 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థల కొరకు ఒక మాస్టొడాన్ సర్వర్‌ను ప్రయోగాత్మకంగా తెరిచింది. దానిని స్వీకరించి నడిపే మరొక సంస్థ దొరకనందున 2024 మేలో మూసివేయవలసి వచ్చింది. అంతటి సంస్థకే ఈ గతి పట్టినప్పుడు, ఇల్లు కట్టుట సులభమనీ, రోజూ వాకిలి ఊడ్చుటయే కష్టమనీ మనం గ్రహించాలి. దూషణలను తొలగించుట, దొంగ ఖాతాలను కనిపెట్టుట, తగవులు తీర్చుట ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుండి చేయవలసిన పనులు.

ఇక మన కళాశాల విషయానికి వస్తాను. మనవంటి కళాశాలల ప్రకటనలు, ముషాయిరాల చిత్రాలు, పూర్వ విద్యార్థుల కూటములు నేడు ఎక్కువగా ఏదో ఒక కంపెనీ పేజీలోనో, ఏదో ఒక సెల్‌ఫోన్ గ్రూపులోనో ఉంటున్నవి. గల్ఫ్ దేశాలలోను, అమెరికాలోను ఉన్న పూర్వ విద్యార్థులకు మాతృసంస్థతో మిగిలిన బంధం అదే. ఆ కంపెనీ రేపు మూతపడినా, మన ఖాతాను కారణం చెప్పకుండ నిలిపివేసినా, ఆ బంధాన్ని తిరిగి అల్లుకొనడానికి మనవద్ద పట్టిక కూడ ఉండదు. అందువలన పాలకవర్గం ముందు మూడు సూచనలను వినయపూర్వకంగా ఉంచుతున్నాను.

ఒకటి, కళాశాల తన పేరిట స్వంత డొమైన్ పేరును కొని, ప్రతి సంవత్సరం తప్పక పునరుద్ధరించుకోవాలి. బ్లూస్కై వంటి చోట్ల ఆ డొమైన్‌నే ఖాతా పేరుగా పెట్టుకొనవచ్చును. అప్పుడు కంపెనీ మారినా మన పేరు మనదే అవుతుంది. రెండు, వార్షిక సంచికలు, ఛాయాచిత్రాలు, పూర్వ విద్యార్థుల పట్టిక, వారి వారి అంగీకారంతో, మొదట గ్రంథాలయంలో భద్రపడాలి. తరువాతనే మాధ్యమాలకు ఎక్కాలి. మూడు, ప్రకటనలను ఒక్క కంపెనీ పేజీకి పరిమితం చేయక, కనీసం ఒక బహిరంగ ప్రోటోకాల్ మీద నడిచే ఖాతాలోకూడ ఉర్దూ, తెలుగు రెండు భాషలలో ప్రకటించాలి. స్వంత సర్వర్ పెట్టుకొనడాన్ని మాత్రం నేను ఇప్పుడే కోరను. దానిని నిత్యం చూచుకొనే బాధ్యులు ఇద్దరైనా దొరికిన నాడు ఆలోచించవచ్చును.

ఖర్చు ఎందుకని కమిటీ పెద్దలు అనవచ్చును. డొమైన్ పేరుకు సంవత్సరానికి అయ్యే వ్యయం ఈ సంచిక ముద్రణకయ్యే వ్యయంలో స్వల్పభాగం మాత్రమే. జనం లేని చోట ఖాతా ఎందుకని విద్యార్థులు అనవచ్చును. అది కొంతవరకు సమంజసమైన ప్రశ్నయే. జనం ఉన్న చోటును ఎవరూ వదలనవసరం లేదు. అక్కడ ఉంటూనే రెండవ తలుపును తెరిచి ఉంచుకుంటే చాలును. మొదటి తలుపు మూసుకుపోయిన నాడు రెండవదానిని కొత్తగా కట్టే వ్యవధి ఉండదు.

విద్యార్థి మిత్రులారా! ఇకమీదట ఏ మాధ్యమంలో చేరినా దాని హంగులను చూచి తృప్తిపడక, రెండు ప్రశ్నలు వేయండి. ఇక్కడినుండి పొరుగింటివానితో మాట్లాడగలనా? నేను వెళ్ళిపోదలచిన నాడు నావారిని వెంట తీసుకొనిపోగలనా? ఈ రెండింటికి అవునని సమాధానం వచ్చే చోట అసౌకర్యం కొంత ఉన్నా సహించవచ్చును. కాదని వచ్చే చోట ఉండవలసి వస్తే ఉండండి. కాని అక్కడ మీరు అద్దెకున్నవారేనన్న సంగతిని మరువకండి.