బస్సు ఆగింది, మనమెందుకు ఆగం?

జూన్ 12న బడులు తెరుస్తారనగా ఆర్టీవో ఆఫీసు వాళ్ళు స్కూల్ బస్సుల వెంటపడతారు. మే 15తో బస్సుల ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది కదా, మళ్ళీ చూసి కాగితం ఇవ్వాలి. డ్రైవర్ సాబ్ ఉమర్ 60 దాటకూడదు, బస్సు ఉమర్ 15 దాటకూడదు. మొదటి మెట్టు నేలకు 325 మిల్లీమీటర్ల కంటే ఎత్తు ఉండకూడదని కూడా మన రాష్ట్ర నిబంధనల్లో రాశారు. చిన్న కాళ్ళను ఎంత ఖయాల్‌తో కొలిచారో! మాషా అల్లాహ్.

మరి ఆ మెట్టు దిగాక బచ్చా ఎవరి జిమ్మేదారీ?

బస్సు లోపలి సంగతి కానూన్ బాగానే పట్టించుకుంది. 1997 నవంబర్ 18న ఢిల్లీ వజీరాబాద్ దగ్గర స్కూల్ బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. నెల తిరక్కముందే, డిసెంబర్ 16న, సుప్రీంకోర్టు స్కూల్ బస్సులకు షరతులు పెట్టింది. తలుపుకు తాళం, కిటికీలకు ఊచలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండర్, పిల్లల్ని చూసుకునే మనిషి. మంచిదే. కానీ ఇవన్నీ బస్సు మీద పెట్టిన షరతులు. బస్సు చుట్టూ తిరిగే మన సంగతేంటి?

సాయంత్రం బడి వదిలాక గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు రోడ్ల మీద కాసేపు నిలబడి చూడండి. ఊరు ఒకవైపు, బస్సు ఆగేది ఇంకోవైపు. దిగిన బచ్చా బస్సు ముందునుంచి ఇంటివైపు పరుగు తీస్తాడు. బస్సుకు ఆనుకుని నడిచే చిన్నవాడు డ్రైవర్‌కు కనిపించడు, అందుకే క్రాస్ వ్యూ అద్దాలు పెట్టమన్నారు. మరి వెనకనుంచి హారన్ కొడుతూ వచ్చే బైకుకు ఏ అద్దం ఉంది? ఎదురుగా పలకరాయి వేసుకొచ్చే లారీకి ఏ అద్దం ఉంది? వాళ్ళకు బస్సే పరదా.

ఆ బస్సు పైన నాలుగు మూలలా బత్తీలు ఉండాలి. ముందు రెండు పసుపు, వెనక రెండు ఎరుపు. పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అవి మిణుకుమనాలని నిబంధన. కానీ అది చూసి మనమేం చెయ్యాలి? మోటారు వాహనాల చట్టంలో అతివేగానికి 183, ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు 184 సెక్షన్లున్నాయి. 2019లో 184ను సవరించి సిగ్నల్ జంప్, చేతిలో ఫోను, రాంగ్ రూట్ అని పేరుపెట్టి చెప్పారు. ఆగిన స్కూల్ బస్సును దాటడం ఆ జాబితాలో లేదు.

అమెరికాలో బస్సు ఎర్రలైట్లు వెలిగి, పక్కనుంచి స్టాప్ బోర్డు బయటికొస్తే, డివైడర్ లేని రోడ్డు మీద రెండువైపులా బండ్లు ఆగిపోవాలి. ఆగకపోతే భారీ జుర్మానా. మనవాళ్ళు అక్కడ బుద్ధిగా ఆగుతారు. సెలవుల్లో ఇక్కడికొచ్చి బండెక్కితే అదే మనిషి బస్సు పక్కనుంచి కట్ కొట్టి పోతాడు. మనిషి మారలేదు, మారింది కానూన్.

కాబట్టి రెండు మాటలు అడుగుతున్నా. సర్కార్ మన నిబంధనల్లోనే ఒక వాక్యం చేర్చాలి: ఆ బత్తీలు వెలుగుతుంటే రెండువైపులా ఆగాలి, లేకుంటే జుర్మానా. బడి యాజమాన్యాలు ఆయమ్మను కిందికి దించి, చెయ్యి పట్టించి బచ్చాను రోడ్డు దాటించాలి.

బస్సు ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలు, ఉర్దూ బడి పిల్లలు షేర్ ఆటోల్లో వస్తారు. ఆటోకు బత్తీలూ లేవు, ఆయమ్మా లేదు. వాళ్ళ కోసం మిగిలింది మన బ్రేకు ఒక్కటే.

జనాజా లేచాక "తక్దీర్ భాయ్, సబర్ చెయ్" అనడం మనకు అలవాటు. తక్దీర్ మీద నాకూ యకీన్ ఉంది. కానీ ముందు ఒంటెను కట్టెయ్, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టు అనే మాట వినకుండా మన ఇళ్ళల్లో ఎవరూ పెరగలేదు. బ్రేకు తొక్కడమే ఒంటెను కట్టెయ్యడం.

పిల్లలు దిగుతున్న బండి కనిపిస్తే ఆగండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.