తాళంచెవి ఎవరికివ్వాలి?

"స్వచ్ఛందంగా చేసేదానికి నియమాలెందుకండీ?" అంటారు కొందరు. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరై, మోప్కాలో ఉంటున్న నాకు ఈ మాట మింగుడుపడదు. జీతం లేని చోటే తాళంచెవి ఎవరికివ్వాలో రాసి ఉండాలి.

1993లో మొదలైన డెబియన్ సాఫ్ట్‌వేర్ బృందాన్ని చూడండి. అందులో సభ్యుడు కావాలంటే పాత సభ్యుడొకరు మద్దతివ్వాలి, మనిషి ఎవరో రుజువుండాలి, చేసిన పని చూపించాలి. డిగ్రీ అడగరు, కులం అడగరు. ప్రోగ్రాములు కట్టకుండా వేరే పనులు చేసేవారికీ 2010లో ఓటు పెట్టి మరీ సభ్యత్వం తెరిచారు.

నేనెరిగిన ఒక సంఘంలో మాత్రం చందా కట్టి, పెద్దలకు నచ్చితే చాలు. తప్పు పట్టినవాడికి మరుసటేడు రసీదు రాదు.

బాబాల్ని రుజువు అడిగే మనం, మన సభ్యత్వాన్ని ముఖం చూసి ఇవ్వొచ్చా? చేర్చుకోవడానికీ తీసెయ్యడానికీ కారణం కాగితం మీద ఉండాల్సిందే.