కర్రపుల్లల డ్రోను, కొంచెం మొండివాదన

మన సాఫ్ట్‌వేర్ జనాభాలో ఎవరికైనా సొంతంగా క్వాడ్‌కాప్టర్ చెయ్యాలన్న పురుగు కుట్టిందంటే మొదట చేసే పని కార్బన్ ఫైబర్ ఫ్రేముకి ఆర్డరు పెట్టడం. అది వచ్చాక నాలుగు వీడియోలు చూసి స్క్రూలు బిగిస్తారు. దాన్ని "బిల్డ్ చేసా" అంటారు. తప్పని అనను గానీ, నా లెక్కలో అది బిగింపు మాత్రమే. (మేవెన్ కమాండ్ కొట్టినవాడు కూడా బిల్డ్ చేసాననే అంటాడనుకోండి, అది వేరే సంగతి.)

నేను చెక్కతో చేసా. డబ్బుల్లేకనో, దొరక్కనో కాదు. చిన్న, తేలికపాటి క్వాడ్‌కి చెక్కే సరైన సరుకని నా వాదన. ఈ మాటంటే మా టీములో నవ్వారు, అందుకే ఇంత వివరంగా రాయాల్సొస్తోంది.

ముందు లెక్క. కార్బన్ ఫైబర్ పలక ఘన సెంటీమీటరుకి 1.6 గ్రాములకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. పైన్ కర్ర 0.5 దగ్గర. అంటే అదే బరువుకి మూడింతల కర్ర వస్తుంది. మీ మెకానికల్ స్నేహితులెవరినైనా అడగండి, పలక మందం రెట్టింపయితే వంగకుండా నిలబడే శక్తి ఎనిమిదింతలు అవుతుందని చెప్తారు. కార్బన్ మహా గట్టిది, ఒప్పుకుంటా. కానీ బరువు తగ్గించాలని దాన్ని పలచగా కోస్తే వణుకుతుంది. కర్ర లావుగా ఉంటూనే తేలిగ్గా ఉంటుంది. 1903లో రైట్ సోదరుల విమానం స్ప్రూస్ కర్రదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళ మస్కిటో కూడా బాల్సా, బర్చ్ ప్లైవుడ్‌లతో చేసిందే. అంచేత కర్ర అనగానే నవ్వక్కర్లేదు.

కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర వాడచ్చు కదా అని ఒకాయన అడిగాడు. తేలికే గానీ మరీ మెత్తన, మోటారు స్క్రూలకి పట్టు దొరకదని నా అనుమానం. నేను వాడింది వడ్రంగి దగ్గర దొరికే పైన్ బీడింగు. 8 మిల్లీమీటర్ల చదరంలో చీల్చి ఇమ్మంటే "ఎందుకు సార్ ఇంత సన్న పుల్లలు, గాలిపటానికా?" అన్నాడు. దాదాపు అంతే అన్నా అన్నాను. కర్ర చారలు పొడుగునా పోతున్నాయా, మధ్యలో ముడి ఉందా అని ఆయన ఒక్క చూపులో చెప్పేసాడు. ముడి ఉన్న పుల్ల సరిగ్గా అక్కడే విరుగుతుంది.

తొమ్మిదేసి సెంటీమీటర్ల చేతులు నాలుగు, వాటిని పైనా కిందా పట్టుకోడానికి 2 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ళలు రెండు, మోటారు కూర్చోడానికి చివర చిన్న ముక్కలు. అతుకుల దగ్గర కుట్టుమిషన్ దారం చుట్టి ఫెవిక్విక్ పోస్తే రాయిలా బిగుసుకుంటుంది. ఫ్రేము మొత్తం 22 గ్రాములు. నాలుగు మోటార్లు 38, బోర్డు 10, రిసీవరు 2, మూడంగుళాల ప్రొపెల్లర్లు 5, బ్యాటరీ 45, వైర్లూ పట్టీ 10. వెరసి 132.

ఇప్పుడు అసలు విషయం. బోర్డులో నడిచే బీటాఫ్లైట్ సెకనుకి కొన్ని వేలసార్లు జైరోని చదివి, పీఐడీ లెక్క కట్టి మోటార్లకి ఆజ్ఞలిస్తుంది. ఫ్రేము వణికితే జైరోకి ఆ వణుకు కూడా కదలికలాగే కనిపిస్తుంది. పీఐడీలో 'డి' అన్నది మార్పు వేగాన్ని చూస్తుంది కాబట్టి ఆ చెత్తని ఇంకా పెద్దది చేస్తుంది. మోటార్లు వేడెక్కుతాయి. అప్పుడు మనవాళ్ళు చేసేదేంటి? ఫిల్టరు పెడతారు, చాలకపోతే ఇంకోటి. ప్రతి ఫిల్టరూ కొంత ఆలస్యం తెస్తుంది. ఆలస్యం పెరిగేకొద్దీ క్వాడ్ తడబడుతుంది, దానికి మళ్ళీ ట్యూనింగు. లాగ్ ఫైల్లో ఎర్రర్లు ఎక్కువయ్యాయని లాగ్ లెవెల్ తగ్గించినట్టన్నమాట! కర్ర తన ఒంట్లోనే వణుకుని చాలావరకు మింగేస్తుంది. కోడులో సర్దుబాటు చెయ్యాల్సిన రోగం ఫ్రేము దగ్గరే తగ్గుతుంది. రోజూ ఆఫీసులో ఎవరో చేసిన డిజైను లోపాలకి ప్యాచీలు వేసే నాకు ఇది ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మా టీములో ఒకాయన "నీ గంట రేటు ఎంత? రెండు శనివారాలు పుల్లలు చెక్కావు కదా, ఆ డబ్బుకి మూడు ఫ్రేములొచ్చేవి" అన్నాడు. శనివారాలకి కూడా బిల్లింగ్ కోడు ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. ఈ లెక్కన ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడ్డం కూడా దండగే. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, చేత్తో ఒక్క వస్తువూ చెయ్యకుండా ముప్ఫై దాటేసేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! రెండు శనివారాలు అందుకు పెద్ద ధర అనుకోను.

కర్రకి ఇబ్బందులు లేవనను. వానాకాలం తేమ పీల్చుకుంటుంది, పలచగా రెండు పూతలు వార్నిష్ తప్పదు. చెట్టుకి కొట్టుకుంటే చెయ్యి విరుగుతుంది. విరగనివ్వండి, ఫ్యూజు పోయినట్టు అది పోయి మోటారు బతుకుతుంది. కొత్త చేతికి నాకైన ఖర్చు పది రూపాయలు కూడా లేదు. పైగా కార్బన్‌లో కరెంటు పారుతుంది, వైరు తొడుగు ఒరుసుకుపోయి బ్యాటరీ షార్టయితే మంటే. కర్రతో ఆ భయం లేదు. (లిథియం బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి మాత్రం నిద్రపోకండి, ఫ్రేము ఏదైనా సరే.)

బరువు మీద నా పట్టుదలకి ఇంకో కారణముంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, నడిపేవాడికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధించినప్పుడు కూడా విడిభాగాలని వదిలేసారు. సొంతంగా చేసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరెయ్యమని కాదు. హైదరాబాదులో బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ ఉన్నాయి, డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా మిద్దె మీంచి లేపకండి. మనుషుల నెత్తి మీద అసలే వద్దు. మూడంగుళాల ప్రొపెల్లరైనా వేలు కోస్తుంది.

నాకింకా 118 గ్రాములు మిగిలుంది. కెమెరా పెడితే బ్యాటరీ పెంచాలి, బ్యాటరీ పెంచితే చేతులు లావు చెయ్యాలి. వచ్చే శనివారం వడ్రంగి దగ్గరికి 10 మిల్లీమీటర్ల బీడింగు కోసం వెళ్తున్నా.