విమానం ఎగిరిపోయింది, భూమి ఎవరిది?

మా బండారులంక నుంచి గోదారి దాటి పడమటికి పోతే తాడేపల్లిగూడెం. అక్కడ ‘ఏరోడ్రోమ్ భూములు’ అనే మాట ఇప్పటికీ జనం నోట ఉంది. విమానాలు పోయాయి, మాట మిగిలింది. ఆ భూముల కథ మన పేటల్లో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, మన కాకినాడ మీద బాంబులేశాయి. ఆ యుద్ధకాలంలోనే తెల్లదొరలు గూడెంలో రన్‌వే పరిచారు. 1945లో యుద్ధం ఆగింది. 1947లో దొరలు పోయారు. మరి భూమి?

సర్కారు భూమి తీసుకునేటప్పుడు పట్టా ఎవరి పేర ఉందో చూస్తుంది. 1894 భూసేకరణ చట్టం నడక అదే. దున్నిన పాలేరుకి, నాట్లేసిన తల్లికి పట్టా ఎక్కడిది? కామందుకి పరిహారం, మనకి పని పోవడం! ఆ పొలం మీద బతికే కూలివాడూ నష్టపోతాడని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. అంటే 119 ఏళ్ళు!

తీసుకుని వాడకుండా వదిలేస్తే? ఆ 2013 కేంద్ర చట్టమే 101వ సెక్షన్‌లో ఐదేళ్ళ గడువు పెట్టింది. ఆ తర్వాత పాత యజమానికో, సర్కారు భూమి బ్యాంకుకో చేరాలంది. భూమిలేనోడి పేరు అక్కడా లేదు.

ఆ పేరు బాబాసాహెబు 1947లోనే రాశారు. ‘రాష్ట్రాలు – మైనారిటీలు’ వినతిపత్రంలో, సాగుకి పనికొచ్చే సర్కారు బంజర్లని ఒక సెటిల్‌మెంటు కమిషన్ చేతిలో పెట్టి షెడ్యూల్డు కులాలకి ఊళ్ళు కట్టాలన్నారు. ఆ కాగితం మీద దుమ్ము దులిపిందెవరు?

గూడెం ఏరోడ్రోమ్ భూముల్లో 2015లో ఎన్.ఐ.టి.కి శంకుస్థాపన చేశారు. చదువుకి మేము అడ్డం చెప్పం, పలక పట్టే పైకొచ్చినవాళ్ళం. మా ప్రశ్న ఒకటే. కాలేజీకి దొరికిన సర్కారు జాగా, కూలోడు గుడిసె వేస్తే ‘ఆక్రమణ’ ఎందుకవుతుంది?

ఓరుగల్లు దగ్గర మామునూరు చూడండి. నిజాం 1930లో కట్టించిన విమానాశ్రయం 1981లో మూతపడింది. మొదట 1,875 ఎకరాలని చెబుతారు. విమానాశ్రయాల సంస్థ చేతిలో మిగిలింది 696. దాన్ని మళ్ళీ తెరవడానికి మరో 253 ఎకరాలు కావాలని 2024లో 205 కోట్లు విడుదల చేశారు. ఉన్నది కరిగిపోయె, లేనోడి పొలం మీద కొలతగొలుసు పడె! మన రాష్ట్రంలో 2025లో కొత్త విమానాశ్రయాలకి అనుకున్న ఊళ్ళలో తాడేపల్లిగూడెం కూడా ఉంది. రేపు అక్కడ గొలుసు ఎవరి చేల మీద పడుతుందో!

అందుకే మనం మూడు పనులు చేయాలి. మండలంలో సర్కారు తీసుకుని వదిలేసిన భూములెన్నో, ఇప్పుడెవరి చేతిలో ఉన్నాయో 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి రాబట్టాలి. ఆ లెక్క గ్రామసభలో గట్టిగా చదవాలి. పంపకం చేస్తే మొదటి వాటా భూమిలేని దళిత కూలీలకే అని తీర్మానం చేయించాలి.

చచ్చినవాణ్ణి పూడ్చే జాగాకి కూడా అర్జీలు పెట్టుకుంటున్న జనం మనం. బతికున్నవాళ్ళ జాగాకి ఇంకెన్నాళ్ళు నోరు మూసుకుంటాం?

జై భీమ్!