చిన్న వ్యాపారికి కొత్త అప్పు కంటే పాత బాకీయే ముఖ్యం

దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు 30 శాతం, ఎగుమతుల్లో దాదాపు 45 శాతం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలదే. అందుకే వాటికి రుణాలిస్తామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. కానీ చిన్న కార్ఖానాలను ఇబ్బంది పెట్టేది అప్పు పుట్టకపోవడం ఒక్కటే కాదు, రావాల్సిన డబ్బు సమయానికి రాకపోవడం కూడా.

హైదరాబాద్ లక్క గాజులనే చూడండి. 2024లో వీటికి జీఐ గుర్తింపు వచ్చింది. పాతబస్తీ ఇళ్లలో, చిన్న గదుల్లో లక్కను నిప్పుల మీద మెత్తబరచి, ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. లక్కకు, రాళ్లకు నగదు పెట్టాలి. తయారైన గాజులు మాత్రం దుకాణానికి ఉధార్ మీద పోతాయి. ఆ బాకీ ఆగితే బ్యాంకుకెళ్లాలి. వడ్డీ వద్దనుకునే మన కుటుంబాలకు ఆ దారీ మూసుకుపోయినట్టే.

దీనికి చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు 15 రోజుల్లో డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా తోడైంది. గడువులోగా చెల్లించకపోతే, ఆ కొనుగోలు ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలోనే లెక్కలో చూపుకోవాలి.

అయితే ఈ రక్షణ తయారీదారులకు, సేవలందించేవారికే. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నా, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాలకే పనికొస్తుంది. గాజులు చేసేవారు సరుకు ఇవ్వకముందే రిజిస్టర్ చేసుకోవడం మంచిది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, ఏజెంట్లకు పైసా ఇవ్వక్కర్లేదు. బాకీ ఆగితే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఉన్న ఒక్క సేఠ్ మీద ఫిర్యాదు చేస్తే రేపు ఆర్డర్ ఎవరిస్తారు? ఈ భయం ఉన్నంతకాలం చట్టం కాగితం మీదే ఉంటుంది. పదిమంది కారీగర్లు కలిసి ఒకే గడువు, ఒకే బిల్లు పద్ధతి పెట్టుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. అప్పు లావాదేవీని రాసుకోమని ఖుర్ఆన్ సూరె బఖరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉంది. నోటిమాట మీద నడిచే ఉధార్‌కు ముందు కావాల్సింది ఆ రాతే.

దుకాణదారులకూ బాధ్యత ఉంది. రంజాన్ గిరాకీ డబ్బు గల్లాకు చేరుతుంది. ఆ గాజులు చేసిన ఇంటికి పండుగలోపే బాకీ చేరాలి. జకాత్ ఇవ్వడం వేరు, కష్టం చేసినవారి హక్కు చెల్లించడం వేరు.