సభామందిరమున జాతీయ పతాకము

అమలాపురమైనను, రాజోలైనను, వాన కురిసినచో ఆగస్టు 15 నాటి సభ గదిలోనికి మారవచ్చును. చోటు మారినను పతాక గౌరవము మారరాదు.

1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన త్రివర్ణ పతాకమును వేదికపై కఱ్ఱకు కట్టినచో వక్తకు కుడివైపున నిలుపవలెను. గోడపై అడ్డముగా అమర్చినచో వక్త వెనుక, తలకంటె ఎత్తున, కాషాయము పైకి వచ్చునట్లు ఉంచవలెను. ఇది 2002 నాటి పతాక నియమావళి.

బల్లపై పరచిన అందముగా నుండునని కొందరందురు. అది తగదు. బల్లగుడ్డపై కాగితములు, నీళ్లగ్లాసులు పెట్టుదుము. పతాకము మనము వాడుకొను వస్త్రము కాదు. మనము తలయెత్తి చూడవలసిన చిహ్నము.

బాలలారా! సభ ముగియగానే కాగితపు జెండాలు కాళ్లక్రింద పడుచుండును. చప్పట్లకంటె, వానిని ఏరి గౌరవముగా భద్రపరచుటయే నిజమైన వందనము.