రోలు సరే, కుర్చీ మాటేమిటి?

"మిక్సీలూ గ్రైండర్లూ వచ్చి ఆడవాళ్ళని పాడుచేశాయండీ! మా అమ్మ పొత్రం తిప్పి ఇంటిల్లిపాదికీ పిండి రుబ్బేది. ఆవిడకి షుగరా, బీపీయా?"

ఈ మాట అనే పెద్దమనిషి లేని పెళ్ళి పందిరి ఉండదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కుర్చీలో జారగిలబడి ఉంటాడు. రెండో విడత కాఫీ కూడా ఆయన దగ్గరికే నడిచొస్తుంది.

నాకు రోలు మీద కోపం లేదు. ఒళ్ళు వంచితే మంచిదన్న మాటతోనూ పేచీ లేదు. ఆ నీతిని ఒక్క ఆడదాని నెత్తినే రుద్దడం దగ్గరే నా తగువంతా. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల మంది. ఆ జబ్బు గుమ్మందాకా వచ్చి నిలబడ్డవాళ్ళు మరో 13 కోట్ల పైచిలుకు. ఇందులో మగవాళ్ళు లేరా? వాళ్ళకి కూడా మిక్సీ వల్లే వచ్చిందంటారా?

కూచునే బతుకు ఎంత చేటో మొదట గట్టిగా చెప్పింది వంటిల్లు కాదు, లండన్ బస్సు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది ఆరోగ్యం పరిశీలించి లెక్కలు ప్రకటించాడు. షిఫ్టంతా కూచుని నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువ. మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లలో తక్కువ. ఇద్దరిదీ ఒకే బస్సు. ఇద్దరూ మగవాళ్ళే. ఇద్దరిలో ఎవరూ పిండి రుబ్బలేదు!

ఇందులో పెద్ద రహస్యమేం లేదు. మనం తిన్న అన్నంలోంచి నెత్తుట్లోకి చేరిన చక్కెరలో ఎక్కువ భాగం పుచ్చుకోవలసింది కండరాలు. కండ కదిలితే ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరని లోపలికి లాక్కుంటుంది. గంటలతరబడి కదలకపోతే ఆ చక్కెర నెత్తుట్లోనే తచ్చాడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో దీన్ని తేల్చి చూపించారు. లావుగా ఉన్న కొందరిని ఒకరోజు అదేపనిగా కూచోబెట్టారు. మరో రోజు ప్రతి 20 నిమిషాలకీ 2 నిమిషాలు నడిపించారు. నడిచిన రోజున ఆహారం తీసుకున్నాక చక్కెర తక్కువగా పెరిగింది. రెండంటే రెండు నిమిషాలు! ఆఫీసు కుర్చీకీ, సీరియల్ చూసే సోఫాకీ, చేతిలో ఫోనున్న మంచానికీ ఈ లెక్క ఒకటే.

"మేం రోజంతా కాళ్ళమీదే ఉంటాం కదా, ఇంకా నడకెందుకు?" అంటారు మీరు. ఉంటారు, కాదనను. 2019 నాటి కేంద్రప్రభుత్వ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు ఖర్చుపెడుతున్నారని తేలింది. మగవాళ్ళలో ఆ పని ముట్టుకున్నదే నూటికి 26 మంది, వాళ్ళూ 97 నిమిషాలే. కానీ అమ్మా, స్టవ్వు ముందు నిలబడి పోపు వెయ్యడం వేరు, ఊపిరి వేగం పెరిగేలా నడవడం వేరు. మొదటిది కూచోవడం కన్నా నయమే, కాని చాలదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా కదలాలనీ, 2 రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

150 అంటే వారంలో అయిదు రోజులు, రోజుకో అరగంట. ఆ అరగంట ఎక్కడినుంచి రావాలి? నిద్రలోంచా? ఇప్పటికే ఇంట్లో అందరికంటే ముందు లేచేది మనమే. రావలసింది ఆ 299 నిమిషాల్లోంచే. అంటే ఆ అరగంట పని ఇంకొకరు అందుకోవాలి. అసలు పేచీ అక్కడే! ఆయన పొద్దున్నే బూట్లేసుకుని నడకకి వెళితే "ఎంత క్రమశిక్షణో" అని మెచ్చుకుంటారు. ఆవిడ వెళితే "పిల్లల డబ్బాలెవరు సర్దుతారు?" అని అడుగుతారు. ఇద్దరి నెత్తుట్లోనూ తిరిగేది ఒకే చక్కెర అయినప్పుడు ఈ రెండు న్యాయాలెందుకు?

డాక్టరు చీటీ మీద "నడవండి" అని రాస్తాడు. ఆ టైములో పొయ్యి దగ్గర ఎవరుండాలో రాయడు. అది మనమే చెప్పాలి. అందుకే రేపు పొద్దున్న చెప్పులేసుకుంటూ "వెళ్ళిరానా?" అని అడక్కండి. "పాలు స్టవ్వు మీదున్నాయి, కాస్త చూడండి" అని చెప్పి గుమ్మం దాటండి.